మూడు బస్తాల మీద అయిదో వంతు

మొన్న జూన్‌లో మా అక్క మనవరాలికి బాప్తిస్మం ఇస్తున్నారంటే ఊరెళ్ళాను. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలవ గట్టు పక్కనే ఉంటుంది మా ఊరు. పాత పెంకుల మందిరం పోయి స్లాబు వచ్చింది. వేదిక ముందున్న చెక్క పలకలు ఎత్తితే కింద తొట్టి. దానికి తెల్ల టైల్సు, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. ముందు రోజు రాత్రే మోటారు వేసి నింపి, బ్లీచింగు కలిపారట. ఆ వాసన మందిరమంతా ఉంది. పిల్ల తడిసిన జుట్టుతో నవ్వుతూ పైకొచ్చింది. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఇప్పుడు మా కాలవలో దిగితే ఒళ్ళంతా దురదలే. చేపల చెరువుల నీళ్ళూ, ఊళ్ళ మురుగూ అన్నీ అందులోకే.

కానీ బాప్తిస్మం అంటే నా ముక్కుకి అలవాటైన వాసన వేరు. ఆ రోజుల్లో వేసవిలో కాలవలు కట్టేసేవారు. పూడికలు తీసేవారు, లాకుల తలుపులు బాగుచేసేవారు. నెర్రెలిచ్చిన కాలవ అడుగున మేము గోళీలాడేవాళ్ళం. గుంటల్లో మిగిలిన నీళ్ళలో కొర్రమీనుల కోసం దేవులాడేవాళ్ళం. జూన్ వచ్చాక ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని కబురొచ్చేది. అక్కడ వదిలిన నీళ్ళు మా శివారుకి రావడానికి కొన్ని రోజులు పట్టేది. ముందు చల్లగాలి తగిలేది. వెనకాలే నురగ, పుల్లలు, కుళ్ళిన గుర్రపుడెక్క, ఎండిన మట్టి తడిసిన వాసన. వేసవిలో రక్షణ పొందినవాళ్ళంతా, అంటే యేసుని కొత్తగా నమ్ముకున్నవాళ్ళంతా, ఆ నీళ్ళ కోసం ఎదురుచూసేవారు. సంఘ పెద్దలు వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకునేవారు. ఒక వేసవంతా మా నాన్న పేరు ఆ కాగితంలో ఉంది.

*

నాన్న పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాలని జీతం, మధ్యాహ్నం అన్నం, పండక్కి పంచె. తెల్లారకముందే ఆసామిగారి కొట్టంలో పేడ తియ్యడంతో మొదలై, కోతల రోజుల్లో అయితే రాత్రి కళ్ళం కాపలాతో ముగిసేది ఆయన పని. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిందని నాకు కాలేజీలో చేరాక తెలిసింది. నాన్నకి చెబితే, "మనల్ని ఎవరూ ఎట్టికి పెట్టుకోలేదురా, మనవే నోటు రాసిచ్చాం" అన్నాడు.

ఆ నోటు సంగతి చెప్పాలి. మా తాత చావు ఖర్చులకి తీసుకున్న అప్పు అది. ప్రోనోటుకి మూడేళ్ళు నిండితే కోర్టులో చెల్లదు కాబట్టి ఈలోపే తిరగరాయాలి. వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు, దాని మీద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద నాన్న బొటనవేలు. మధ్యలో ఏమన్నా కడితే నోటు వెనక చెల్లు రాయాలి. రాశారో లేదో చూసుకోవడానికి నాన్నకి అక్షరం రాదు. నోటు ఉండేది ఆసామి బీరువాలో. ధాన్యం కొలిచి ఇచ్చేవాడు, "రాసుకోండయ్యగోరండి" అని దణ్ణం పెట్టి వచ్చేసేవాడు.

సాయంత్రం రైసుమిల్లు కూత కూశాక మా పేటలో మగాళ్ళ అడుగులన్నీ సారా కొట్టు వైపే. రాత్రి గట్టు మీద నాన్న దగ్గు వినిపించేది. ఆ దగ్గుని బట్టి ఎంత తాగాడో అక్క చెప్పేసేది. అమ్మ చేసే మొదటి పని లేసు దాచడం. మేము ఎలాగూ మంచం కింద దూరేవాళ్ళం. తెల్ల దారంతో వారమంతా అల్లిన లేసు మీద ఒక్క మరక పడినా ఏజెంటు కూలి కోసేసేవాడు. ఆ లేసుని అమ్మ పాత చీర ముక్కలో చుట్టి, పొయ్యి వెనక గూట్లో, ఖాళీ కుండ కింద పెట్టేది. నాన్న గుమ్మంలో తూలి పడేవాడు, లేచేవాడు, తిట్టేవాడు, చెయ్యి చేసుకునేవాడు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. అమ్మ చెంప మీద వాపు ఉన్న ఆదివారాలు కూడా ఆవిడ ముసుగు ఇంకొంచెం ముందుకు లాక్కుని కూటానికి వెళ్ళేది. క్రీస్తు మరణాన్ని తలుచుకుంటూ అందరూ పంచుకునే రొట్టె తీసుకునేది. ఆ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

*

అమ్మ పుట్టింటివాళ్ళు మూడు తరాల నుంచి దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివింది. నాన్నవాళ్ళు అంతకుముందు పోలేరమ్మకి మొక్కేవాళ్ళు, ఆ తర్వాత దేనికీ మొక్కలేదు. పెళ్ళికి ఒప్పుకోవడానికి మా తాతయ్య పెట్టిన షరతు, పిల్ల ఆదివారం కూటానికి వెళ్ళడం ఆపకూడదని. నాన్న ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాడు.

మా పేటకి బయటినుంచి ఇష్టపడి వచ్చే మనిషి ఒక్క బైబిలు మామ్మే. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకం, చుట్టచుట్టిన రంగుల పటాలు, గజ్జిమందు. నరసాపురం నుంచి గట్టు పట్టుకుని నడిచొచ్చేది. ధాన్యం పడవ ఏదైనా ఇటు వస్తుంటే అడిగి ఎక్కేది. ఒడ్డు మీద నుంచి తాడుతో పడవ లాగేవాళ్ళు ఆమెని చూస్తే పాట ఆపి, "మామ్మగారండీ, ఓ కత సెప్పండి" అనేవారు. ఆ పడవలూ పోయాయి, ఆ తాడు లాగుడు పాటలూ పోయాయి.

కోతలయ్యాక మేము చేలల్లో పరిగె ఏరుకునేటప్పుడు ఆమె గట్టు మీద కూర్చుని రూతు కథ చెప్పేది. పరాయి ఊరినుంచి వచ్చిన విధవ పిల్ల, అత్తని సాకడానికి ఇలాగే పరిగె ఏరిందనీ, బోయజు అనే ఆసామి ఆ పిల్ల కోసం కావాలనే కొన్ని పరకలు జారవిడవమని కూలీలకి చెప్పాడనీ. "అలాంటి ఆసామి ఏ ఊళ్ళో ఉంటాడు మామ్మా?" అని అడిగింది అక్క. "బేత్లెహేములో ఉన్నాడే. మనూళ్ళో ఇంకా పుట్టలేదు" అంది మామ్మ.

దొరల కథ కూడా ఆమె సొంత తాతల కథలా చెప్పేది. బౌడన్ దొర, బీర్ దొర అనే ఇద్దరు 1836లో పెళ్ళాలతో సహా ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి, చివరికి నరసాపురం, పాలకొల్లుల్లో కాపురాలు పెట్టారు. ఏళ్ళ తరబడి చెప్పినా వినేవాళ్ళు లేరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టాక, 1852లో అది పూర్తయ్యేదాకా, మట్టి మోయడానికి చేరిన కూలీలకి కూడా వీళ్ళు బోధించారు. మా అమ్మ చేతిలో లేసు సూది కూడా అలా వచ్చిందే. దొరసానులు ఆడపిల్లలకి నేర్పిన అల్లిక నరసాపురం చుట్టుపక్కల ఇంటింటికీ పాకింది. దేవుడి మాట కన్నా లేసే తొందరగా పాకిందని మామ్మ నవ్వేది.

*

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయిపోయాక, పేట మధ్యలో కొబ్బరాకుల పందిరి వేసి కూటాలు పెట్టారు. చింతకొమ్మకి వేలాడేసిన రైలుపట్టా ముక్కని సుత్తితో కొడితే అదే గంట. పెట్రోమాక్స్ లైటు బుస్సుమంటుంటే దాని చుట్టూ పురుగులు. వాక్యం చెప్పడానికి వచ్చింది ఫాదరూ కాదు, పాస్టరూ కాదు. మా సంఘాల్లో అప్పట్లో జీతం తీసుకునే పాస్టర్లు ఉండేవారు కాదు. ఆయనకి నరసాపురంలో చిన్న బడ్డీ కొట్టు. సాయంత్రం కొట్టు కట్టేసి సైకిలు మీద వచ్చాడు.

ఆయన తీసింది యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం. పాపం చేసే ప్రతివాడూ పాపానికి దాసుడే అని యేసు చెప్పిన చోటు. ఆయన దాన్ని మా పేటకి తగ్గట్టు చెప్పాడు. "పాలేరు ఎంత నమ్మకంగా చేసినా ఇల్లు అతనిది కాదండి. ఏడాది నిండితే గుమ్మం దిగాల్సిందే. కొడుకు అలా కాదు, కొడుకు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు. ఆ కొడుకు వచ్చి, వీణ్ణి వదిలేయండని చెప్పాడనుకోండి, ఇంక ఆపేవాడెవడు?"

నాన్న వెలుతురు పడనిచోట, గడ్డిమేటు పక్కన నిలబడి ఉన్నాడు. కొట్టు దగ్గర్నుంచి కళ్ళం కాపలాకి వెళుతూ లైటు చూసి ఆగాడట. ప్రార్థన అయిపోయి జనం లేస్తుంటే తూలుకుంటూ ముందుకొచ్చాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నాన్న ఆయన్ని అడిగింది ఒకటే. "అయ్యగోరండీ, ఆ కొడుకు ఇడిపిత్తే, మళ్ళీ నోటు రాయించుకుంటాడాండీ?"

సారా వాసనకి ఆయన వెనక్కి జరగలేదు. "లేదండి. మీ మీద ఉన్న నోటు తుడిచేసి, మేకులతో సిలువకి కొట్టేశారండి. పౌలు కొలొస్సయివాళ్ళకి రాశాడు" అన్నాడు.

నాన్న తర్వాత ఎప్పుడు ఈ సంగతి చెప్పినా మేకుల దాకా వెళ్ళేవాడే కాదు. "నన్ను అండీ అన్నాడు" అనేవాడు. తాగి ఉన్న పాలేరుని, పది మందిలో, చొక్కా వేసుకున్న మనిషి అండీ అన్నాడు. అక్కడే ఆగిపోయేవాడు.

*

ఆ రాత్రి తర్వాత నాన్న మళ్ళీ తాగలేదు. సభల్లో తమ మార్పు గురించి చెప్పుకునే సాక్ష్యాల్లో ఈ వాక్యం దగ్గర అందరూ స్తోత్రం అంటారు. కానీ దాని తర్వాత రోజులు నాకు గుర్తున్నాయి. రెండో రోజుకి చేతులు వణికాయి. మూడో రోజుకి కొడవలి పట్టలేకపోయాడు. ఒళ్ళంతా చెమటలు, గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు. అంత తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ, డాక్టరు దగ్గర ఉంచాలనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు మా పేటలో ఉన్నది సంఘం ఒక్కటే. సహోదరులు వంతులేసుకుని మా అరుగు మీద పడుకునేవారు. ఒకాయన నాన్న కాళ్ళ మీద చెయ్యి వేసే నిద్రపోయేవాడు, కదిలితే తెలియాలని. మామ్మ ఉప్పు మజ్జిగ గరిటెతో తాగిస్తూ, పాట కాదు గానీ, గొంతులో ఏదో గునుగుతూ ఉండేది. పొద్దున్న నాన్న లేచి గంజి అడిగితే, ఆ అరుగు మీద సహోదరుడు ప్రార్థన చెయ్యకుండానే సైకిలెక్కి పనికి పరిగెత్తాడు. అప్పటికే ఆలస్యమైంది మరి.

కాస్త నిలదొక్కుకున్నాక అసలు గొడవ మొదలైంది. ఒకరోజు అన్నం తింటూ నాన్న అమ్మతో, కళ్ళం కాపలా కాసే రాత్రుల్లో ధాన్యం తీశానని చెప్పాడు. తలగుడ్డలో ఒక కుంచం, రెండు కుంచాలు, సారా కొట్టువాడికి. ఎన్నో ఏళ్ళుగా. మొత్తం లెక్కేస్తే మూడు బస్తాలు అవుతుంది. మామ్మ చెప్పిన పొట్టి జక్కయ్య కథ ఆయన మనసులో పడిపోయింది. మేడిచెట్టు దిగి వచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు. నాలుగంతలంటే పన్నెండు బస్తాలు.

అమ్మ చేతిలో గరిటె ఉంది. కొట్టలేదు గానీ చాలాసేపు దించలేదు. ఆ రాత్రి దీపం దగ్గర పెట్టుకుని బైబిలు తిరగేసింది. తెల్లవారి నాన్నకి లేవీయకాండం ఆరో అధ్యాయం చదివి వినిపించింది. దొంగిలించిన సొమ్ము అసలు ఇచ్చి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అంతే. "జక్కయ్య డబ్బున్నోడు, ఆయన ఇష్టం. మనకి దేవుడు పెట్టిన రేటు ఇది" అంది. మూడు బస్తాలూ, అయిదో వంతూ. దేవుడి దగ్గర బేరమాడి ఇంటికి ఎనిమిది బస్తాల పైన మిగిల్చిన ఆడమనిషి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆసామి పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నాన్న వాకిట్లో నిలబడి అంతా చెప్పాడు. ఆయన పేపరు దించకుండానే, "మూడేనా? నేను అయిదనుకుంటున్నానే" అన్నాడు. తెలుసట. ప్రతి ఏడాదీ తెలుసట. తెలిసే జీతం పెంచకుండా లాక్కొచ్చాడు. కాసేపటికి పేపరు మడిచి, "సరే, నోట్లో కలుపుదాం. ఆ అయిదో వంతు కూడా చెప్పావుగా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద నాన్న చొక్కా లేని వీపు నాకు ముందు కనిపిస్తోంది. ఎప్పుడూ కొంచెం వంగి నడిచే మనిషి. ఆ రోజూ అలాగే నడిచాడు. కానీ ఈల వేస్తున్నాడు. నాన్నకి ఈల వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మకి చెబితే ఈల ఆగిపోయింది. "పాపం నీ మీద నించి దిగి నా నెత్తిన కూకుంది" అంది. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే అమ్మ తుంచుకోలేదు. పక్కావిడకి అందించేసింది. ద్రాక్షరసం గిన్నె వస్తే అదీ అంతే. పెద్దలు ఇంటికొచ్చి అడిగారు. "ఆసామిని నేను క్షమించలేదండి. క్షమించకుండా తీసుకోకూడదని మీరే చెప్పారు" అంది. వాళ్ళ దగ్గర జవాబు లేదు. కొట్టే మొగుణ్ణి ప్రతివారం క్షమించి రొట్టె తీసుకున్న మనిషి, ఒక నోటు లెక్క దగ్గర ఆగిపోయింది.

ఆ ఏడాది నిండాక ఆసామి నాన్నని మళ్ళీ కుదుర్చుకోలేదు. దొంగనని తానే చెప్పుకున్నాడని ఊరంతా తెలిసింది కాబట్టి వేరే ఎవరూ పెట్టుకోలేదు. రోజు కూలీకి పోయేవాడు. చాలాకాలానికి పక్క ఊరి రైతు ఒకాయన, "సెప్పుకునే దొంగ నయంలే, సెప్పనోళ్ళు నా కాడ నలుగురున్నారు" అని పనిలోకి తీసుకున్నాడు.

*

పని పోకముందే, ఆ జూన్‌లో నీళ్ళొచ్చాయి. ఆదివారం పొద్దున్నే జనం గట్టు మీదికి చేరారు. అవతలి ఒడ్డున గేదెలు కడుగుతున్నవాళ్ళు గేదెల్ని వదిలేసి చూస్తున్నారు. సంఘ పెద్ద ఒకాయన గుండెల లోతు నీళ్ళలో నిలబడ్డాడు. కింద బురద, కాళ్ళు జారుతున్నాయి. ఒక్కొక్కళ్ళే దిగుతున్నారు. నాన్న వంతు వచ్చింది. తెల్ల పంచె ఎవరిదో అడిగి తెచ్చుకున్నాడు.

"యేసుక్రీస్తుని మీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నారా?"

"ఆయ్" అన్నాడు నాన్న.

గట్టు మీద నవ్వులు. "అలా కాదండి, నమ్ముతున్నానని చెప్పాలి" అన్నాడు పెద్దాయన. నాన్న గొంతు సవరించుకుని, "నమ్ముతున్నానండి, ఆయ్" అన్నాడు. ముంచి లేపారు. జుట్టులో గుర్రపుడెక్క ఆకు ఇరుక్కుంది. పాట అందుకున్నారు. వాయిద్యాలు లేవు, గొంతులే. ఆ పాట నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చేది.

నీళ్ళలో దిగొద్దని పేటలో కొందరు ముందే హెచ్చరించారు. దేవుణ్ణి మనసులో పెట్టుకో, కాగితం మీద పెట్టుకోకు అని. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన మాల మాదిగలు ఎస్సీలుగా లెక్కలోకి రారు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద చూస్తారు. తర్వాత సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ ఎస్సీల్లో చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. బాప్తిస్మం పొంది కూడా కాగితాల్లో హిందువులుగా ఉన్నవాళ్ళు మా వైపు ఎందరో ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. పిల్లల చదువు ముందు ఎవరికైనా టెన్షనే. మూడు బస్తాల సంగతి దాచుకోలేని మా నాన్నకి మాత్రం అది కుదిరే పని కాదు. నేను బీసీ-సీ సర్టిఫికెట్టుతోనే చదువుకున్నాను. పేటలో గోడ ఆ పక్కా ఈ పక్కా ఒకటే బావి, ఒకటే కూలి. సర్టిఫికెట్లే వేరు.

*

నాన్నకి అమ్మే చదువు చెప్పింది. సువార్త చదువుకోవాలన్న కోరిక ఆయనది. నోటు చదవాలన్న పట్టుదల ఆవిడది. రాత్రి బుడ్డి దీపం దగ్గర నా పలక మీద మొదలుపెట్టారు. నాగలి పట్టిన వేళ్ళకి బలపం నిలిచేది కాదు, విరిగిపోయేది. నాన్నకి కోపం వచ్చేది, పలక పక్కకి తోసేసేవాడు. చెయ్యి మాత్రం ఎత్తేవాడు కాదు. అమ్మ లేసు అల్లుతూ, తల ఎత్తకుండానే, "ఆ ఒత్తు ఎక్కడ పోయింది?" అనేది. యోహాను సువార్త ఒక్కటే విడిగా అచ్చేసిన చిన్న పుస్తకం ఒకటి ఉండేది. అందులో వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పోయేవాడు. ఆయన ఒక వచనం పూర్తి చేసేలోపు మేము నిద్రపోయేవాళ్ళం. పొద్దున్న లేచేసరికి ఇంకో వచనం మీద ఉండేవాడు.

నోటు తిరగరాసే రోజు వచ్చింది. స్టాంపు అంటించి ఇంకు పెట్టె ముందుకు జరిపారు. నాన్న బొటనవేలు చాపలేదు. "ఓపాలి ఇటివ్వండి, సదూతాను" అన్నాడు. గుమస్తా ఆసామి ముఖం చూశాడు. ఆసామి ఇవ్వమన్నాడు, నవ్వుతూనే. నాన్న పాత నోటూ కొత్త నోటూ రెండూ చదివాడు, బయటికే, ప్రతి అక్షరమూ. సాయంత్రం అయిపోయింది. గుమస్తా రెండుసార్లు టీ తాగాడు. నాన్న పాత నోటు వెనక్కి తిప్పి, సంక్రాంతికి కొలిచిన ధాన్యానికి చెల్లు కనబడలేదండి అన్నాడు.

"ఏరా, నమ్మకం లేదా?"

"నమ్మకవేనండి. మర్సిపోతారని."

ఒక ఏడాదిది రాశారు. అంతకుముందుదానికి మాత్రం గుర్తులేదన్నారు. నాన్న పోట్లాడలేదు. స్టాంపు మీద తన పేరు రాశాడు. అక్షరాలు స్టాంపు దాటి కాగితం అంచుదాకా వెళ్ళాయి.

*

ఈ మధ్య సభల్లో సాక్ష్యాలు వింటుంటాను. ప్రభువుని నమ్ముకున్నాను, అప్పులు తీరిపోయాయి, ఇల్లు కట్టుకున్నాను, అబ్బాయి అమెరికా వెళ్ళాడు. అబద్ధాలని అనను. మా ఇంట్లో మాత్రం అలా జరగలేదు. నాన్న రక్షణ పొందాక మాకు కష్టాలు పెరిగాయి. పని పోయింది, అప్పు పెరిగింది. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగినప్పుడు మా మట్టిగోడలు కరిగి కూలిపోయాయి. ఏటిగట్టు మీద చాపలు కట్టుకుని ఉన్నాం. అమ్మ తలమీద పెట్టుకుని తెచ్చిన మూటలో లేసు, బైబిలు, ఒక గిన్నె ఉన్నాయి. పక్క చాపలో ఒకాయన నాన్నని వెక్కిరించాడు, నీ దేవుడు నిన్నూ మునిగించాడే, నన్నూ మునిగించాడే, తేడా ఏముంది అని. నాన్న చాలా ఆలోచించి, "నేను రాత్తిరి నిద్రపోతన్నానన్నా" అన్నాడు. అది నిజం. ఆ గట్టు మీద గురకపెట్టి నిద్రపోయింది ఆయనొక్కడే, దానికి అమ్మ తిట్టింది కూడా.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం పెరిగి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినప్పుడు మా పేటలో కొట్టు మూతపడింది. ఆ తడికె గదిని చూసి నాన్న ఏమంటాడో అని చూశాను. "ఈడికీ పిల్లలున్నార్రా, ఏం సేత్తాడో" అన్నాడు, కొట్టు నడిపినవాడి గురించి.

*

అమ్మ రొట్టె సంగతి మిగిలింది. వరద తగ్గి, ఇల్లు మళ్ళీ నిలబెట్టుకున్న ఏడాది, దాళ్వా కోతల్లో ఒక మామూలు ఆదివారం. ప్రత్యేక ప్రసంగమేమీ లేదు. ఎండ, పెంకుల మీద పిచ్చుకల గోల, విసనకర్రల చప్పుడు. ఆడవాళ్ళ వైపు పళ్ళెం వచ్చింది. అమ్మ ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. పక్కావిడ అలవాటు ప్రకారం అందుకోవడానికి చెయ్యి చాపింది. అమ్మ ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుని, అప్పుడు అందించింది.

నాన్న మగాళ్ళ వైపు నుంచి చూశాడో లేదో తెలియనీయలేదు. పెద్దలు కూడా అడగలేదు. అడిగి లాభం లేదని వాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో నేనే ఆగలేక అడిగాను, ఆసామిని క్షమించేశావా అని.

"ఆకలేసిందిరా" అంది అమ్మ.

బాకీ అలాగే ఉంది. ఆ వేసవిలో నోటు మళ్ళీ తిరగరాయాల్సి వచ్చింది. ఈసారి అమ్మ కూడా వెళ్ళింది. నాన్న కొలిచిన ధాన్యం, తను కట్టిన లేసు డబ్బులు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళి, గుమస్తా పక్కన నిలబడి, ఒక్కొక్కటే చదివి చెల్లు రాయించింది.